ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బందరులో

ఈ ప్రయాణం ఒక పందెంతో మొదలైంది. పందెం కాసింది మా ఆయనతో.

నాకు రెండేళ్లుగా గ్లకోమా. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. పక్కనున్నదీ, కాళ్ల దగ్గరున్నదీ కనిపించదు. కాగితాన్ని గొట్టంలా చుట్టి అందులోంచి చూస్తే లోకం ఎలా ఉంటుందో అలా. డాక్టరుగారు కంట్లో వేసుకునే చుక్కలు నాకిచ్చి, కారు తాళాలు మాత్రం మా ఆయనకిచ్చెయ్యమన్నారు. మేముండేది హైదరాబాదు శివార్లలో, ఆకాశానికి దగ్గరగా ఒక ఫ్లాటులో. అక్కడ కొత్తిమీర కట్ట కావాలన్నా కారు తియ్యాలి. గేటు దాటితే ఫుట్‌పాత్ ఉండదు, బస్సు ఉండదు, ఉన్నదల్లా ఇసుక లారీలు. నడవాలని సరదా పడేవాళ్ల కోసం కాంపౌండు లోపలే ఒక ట్రాక్ వేశారు. గానుగెద్దులా దాని చుట్టూ ఎంతసేపైనా తిరగొచ్చు.

కారు పోయాక నా సాయంకాలాలూ, శని ఆదివారాలూ మా ఆయన తీరికకి కట్టుబడిపోయాయి. ఆయన మంచివారు. విసుక్కోరు. లిఫ్టు దగ్గర్నుంచే నా మోచెయ్యి పట్టుకుంటారు, మళ్లీ ఇంటి తలుపు దాకా వదలరు. కొన్నాళ్లకి ఆయన విసుక్కోకపోవడమే నాకు విసుగ్గా తయారైంది.

వచ్చే ఏడాది ఆయన రిటైరవుతారు. అప్పుడు బందరు వెళ్లి ఉందామని నేను, అక్కడ మనకెవరున్నారని ఆయన. ఓ రోజు మాటా మాటా పెరిగింది. "ఒక్కదానివీ వీధి దాటలేవు, బందరంటావేంటి?" అన్నారు. అనేశాక ఆయన మొహమే చిన్నబోయింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. వయసులో ఉన్నప్పుడు నేను సెలవులకి తిరిగిన దారినే, బందరూ గుడివాడా దివిసీమా, శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఒక్కదాన్నే తిరిగొస్తానన్నాను. ఎవరి చెయ్యీ పట్టుకోను, కళ్ల సంగతి ఎవరికీ చెప్పను. అలా తిరిగొస్తే ఆయన రిటైరయ్యాక కాపురం బందరుకి మారుతుంది. అలా కాకపోతే ఆ ఊరి ఊసు మళ్లీ ఎత్తను. ఈ చివరి షరతు ఆయన అడగలేదు, నేనే కలిపాను. కోపంలో నాకు దానగుణం ఎక్కువ.

కోనేరు సెంటర్

బందరు చేరడానికి పడ్డ అవస్థలు చెప్పను, అవి ఎవరికైనా ఉండేవే. పందెం ఆ ఊరి బస్టాండులో దిగినప్పటి నుంచి లెక్క.

పెళ్లికి ముందు నేను ఆ ఊళ్లో టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటర్ని. నేనూ, నాతో పనిచేసే విమలా కలిసి ఒక చిన్న వాటా అద్దెకి తీసుకుని ఉండేవాళ్లం. సాయంత్రం డ్యూటీ దిగేసరికి చెవుల్లో ఊళ్లన్నీ మోగుతూ ఉండేవి. కైకలూరు, అవనిగడ్డ, మొవ్వ, పామర్రు. ఆ మోత వదలాలంటే నడవాలి. అద్దె నవలల కొట్టు, పూల కొట్టు, మిరపకాయ బజ్జీల బండి, చివరికి కోనేరు సెంటర్లో కాగితం పొట్లంలో వేడి హల్వా. ఇవన్నీ మేం చెప్పుకునే కబుర్లు సగమయ్యేలోపే వచ్చేసేవి కాబట్టి మిగతా సగం కోసం ఇంకో చుట్టు వేసేవాళ్లం. మా ఇద్దరికీ కలిపి ఒక సైకిలు కూడా లేదు. లేదన్న సంగతి ఎప్పుడూ గుర్తు రాలేదు.

విమల ఆ ఊళ్లోనే స్థిరపడింది. మొక్కలు పెంచుతుంది, మోకాళ్లని తిడుతుంది. వాళ్ల ఇంటి వెనక వాటా ఖాళీగా ఉంది. నేను గుమ్మంలో చెప్పులు విప్పానో లేదో తాళం తీసి చూపించింది. రెండు గదులు, వంటిల్లు, వెనక నందివర్ధనం చెట్టు. బావుందన్నాను.

"బావుంటే సరిపోదే. ఎవరో బ్యాంకాయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. వెళ్లేలోపు నాకు ఏదో ఒకటి చెప్పు" అంది.

దీపాలు పెట్టే వేళకి ఇద్దరం బయటపడ్డాం. అరుగుల మీద కూర్చున్నవాళ్లు "ఎందాకా?" అని పలకరిస్తున్నారు. బయల్దేరినవాళ్లని "ఎక్కడికి" అని ఎదురు అడగకూడదు కదా, అందుకని ఈ ఊళ్లో ఇప్పటికీ అలాగే అడుగుతారు. జవాబు కోసం ఎవరూ ఆగరు. మా అపార్ట్‌మెంట్లో లిఫ్టులో ఎవరైనా నా వైపు చూస్తే, చూసినందుకు సారీ చెప్పేలా ఉంటారు. ఆ పలకరింపులకే నాకు కడుపు నిండిపోయింది. ఆ నిండిన కడుపుతోనే వెళ్లి పూలమ్మాయి బకెట్‌ని తన్నాను. కాలి దగ్గర బకెట్ ఉందని నాకేం తెలుసు? మల్లెపూలతో సహా నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి.

పూలమ్మాయి మాత్రం నింపాదిగా పూలు ఏరుకుని గుడ్డ మీద పరిచింది. "నీళ్లు మార్చాలనే అనుకుంటున్నానండీ" అంది. నేను మూర కొంటే మూరన్నర కొలిచి ఇచ్చింది. మూర ముప్ఫై రూపాయలు. మా కాలంలో ఎంత ఉండేదో విమలా నేనూ అక్కడే వాదించుకున్నాం, తేలలేదు.

సెంటర్లో రద్దీ చూసి నా అడుగులు నెమ్మదించాయి. బైకులు ఏ పక్క నుంచి వస్తున్నాయో తెలియదు. అంతలో విమల, మాట ఆపకుండానే, తన చిటికెన వేలు నా చిటికెన వేలికి తగిలించింది. వెనకటి రోజుల్లో మేం అలాగే నడిచేవాళ్లం. ఊళ్లో ఆడవాళ్లందరూ అలాగే నడిచేవాళ్లు. నా వేలు నన్నడక్కుండానే ముడుచుకుంది. తర్వాత మనసులో పంచాయితీ పెట్టాను. ఇది చెయ్యి పట్టుకోవడం కిందికి వస్తుందా? వేలు చెయ్యి కాదని తీర్పు చెప్పుకున్నాను. జడ్జీ నేనే కాబట్టి అప్పీలు లేకుండా పోయింది.

హల్వా అప్పటంత జిగటగానే ఉంది. నా పళ్లే అప్పటివి కావు.

పెడన నుంచి గుడివాడ

శనివారం పొద్దున విమల తనూ వస్తానంది. వద్దన్నాను. "హైదరాబాదు వెళ్లాక నీకు పొగరెక్కింది" అని మూతి ముడుచుకుంది. నిజం చెప్పడానికి పందెం అడ్డొచ్చింది.

బందరు నుంచి గుడివాడకి ప్యాసింజరు రైలు. టిక్కెట్టు ధర చెబితే మా అపార్ట్‌మెంట్లో ఎవరూ నమ్మరు, ఆ డబ్బుకి మా దగ్గర చాయ్ కూడా రాదు. బందరు ఆఖరి స్టేషను కాబట్టి రైలు నా కోసమే అన్నట్టు ఆగి ఉంది, తాపీగా ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. చిలకలపూడి దాటింది. కోతలైపోయిన చేలల్లో మినప తీగ పచ్చగా పాకుతోంది. వెనకటికి ఈ కిటికీలోంచి విమలా నేనూ ఒకేసారి తల బయటపెట్టాలని పోట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు కిటికీ అంతా నాదే. అంతా నాదే అయితే ఏం చేసుకోవాలో తెలియలేదు.

పెడనలో ఒకావిడ పెద్ద మూటతో ఎక్కి, నా ఎదురు సీట్లో మూటనీ పక్కన తననీ సర్దుకుంది. పేరు నాగమణి. వాళ్లది కలంకారీ అద్దకం పని. మూటలోంచి, అద్దకానికి ముందు బట్ట నానబెట్టే కరక్కాయ వాసన వస్తోంది. ఆవిడ వేళ్లు గోళ్ల దాకా నల్లగా ఉన్నాయి. బెల్లం, తుప్పు ఇనుము కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నలుపట. అద్దకంలో గీతలన్నీ దాంతోనే వేస్తారట, ఎంత తోమినా చేతిని వదలదట.

"పెళ్లిళ్లకెళ్తే కాస్త ఇబ్బందేనండీ. వడ్డించడానికి నన్ను పిలవరు" అని నవ్వింది.

ప్రతి శనివారం బట్ట తీసుకెళ్లి గుడివాడలో ఒక టైలరు కొట్లో ఇచ్చి వస్తుందట. మీ ఆయన బండి మీద దింపొచ్చు కదా అన్నాను. నా నోట ఆ ప్రశ్న వచ్చినందుకు నాకే ఆశ్చర్యమేసింది.

"దింపుతాననే అంటాడండీ. నేనే వద్దంటాను. బండి మీదైతే వెళ్లడం, రావడం, అంతే కదండీ. ఇలాగైతే ఈ పూట నాది."

గుడివాడలో దిగేటప్పుడు వచ్చింది చిక్కు. ప్లాట్‌ఫారం ఎంత కిందికి ఉందో నాకు తెలియడం లేదు. అందర్నీ దిగనిచ్చి నేను నిలబడ్డాను. కిందికి దిగిన నాగమణి "రండక్కయ్యగారూ" అని నల్లటి చెయ్యి చాచింది. నేను సంచీ సర్దుకుంటున్నట్టు నటించాను. ఆవిడేమనుకుందో, మూట ఒక చివర పైకి అందించి, "కాస్త ఆ ముడి పట్టుకోండి, బరువుగా ఉంది" అంది. ముడి నేను, రెండో చివర తను. మూట ఆవిడ వైపు దిగుతుంటే దాని వెంట నేనూ దిగిపోయాను. పట్టుకున్నది మూటని, చెయ్యిని కాదు. ఆ తీర్పు కూడా నాకు అనుకూలంగానే వచ్చింది.

మూటని అలాగే చెరో పక్కా మోసుకుంటూ స్టేషను నుంచి నెహ్రూ చౌక్ వైపు నడిచాం. దారిలో మేం మ్యాట్నీలు చూసిన సినిమా హాలు కోసం వెతికాను. అక్కడ ఇప్పుడు పెళ్లిమండపం ఉంది. టిక్కెట్ల కిటికీ ఉన్న గోడ మాత్రం పడగొట్టలేదు, రంగేశారు. ఆ కిటికీలో చెయ్యి పెట్టి, చెయ్యి ఇరుక్కుపోయి, విమల ఒకసారి ఎంత ఏడ్చిందో నాగమణికి చెప్పాను. ఆవిడ మూట దించి మరీ నవ్వింది.

బట్ట ఇచ్చాక ఇద్దరం ఉప్మా పెసరట్టు తిన్నాం. అల్లం పచ్చడి ఘాటుకి నా కళ్లలో నీళ్లొచ్చాయి. కళ్ల డాక్టరుగారు రాసిన మందు కంటే అదే బాగా పని చేసిందనిపించింది. బిల్లు ఎవరివ్వాలని కాసేపు పెనుగులాడుకున్నాం. నేను ఓడిపోయాను. సాయంత్రం అదే రైల్లో వెనక్కి వస్తుంటే నాగమణి పెడనలో దిగి, కిటికీ దగ్గరికొచ్చి, "వచ్చే శనివారం కూడా వస్తారా?" అంది. రైలు కదిలింది కాబట్టి సరిపోయింది.

ఏటిమొగ రేవు

ఆదివారం దివిసీమ. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక దాకా బస్సు, అక్కడి నుంచి ఏటిమొగకి షేర్ ఆటో. ఏటిమొగ దగ్గర కృష్ణ దాటితే ఎదురుమొండి దీవి. దాటించేది పంటు. రెండు పెద్ద పడవలు జోడించి పైన బల్లలు పరిచి ఉంటాయి, మనుషులూ బైకులూ మేకలూ అందరూ దాని మీదే. పొద్దున పోటు మీద ఉంది ఏరు. పంటు వచ్చి రేవుకి ఆనుకుని నిలబడింది, గుమ్మం దాటినంత సులువుగా ఎక్కేశాను. రెండు రోజులుగా గెలుస్తున్నదాన్ని, అక్కడ కాస్త ఛాతీ కూడా విరుచుకున్నాను.

దీవిలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, అందుకే విమలా నేనూ వెనకటికి అక్కడికి వచ్చేవాళ్లం. చూడ్డానికి ఏమీ లేని చోట కబుర్లు బాగా సాగుతాయి. ఒకరింట్లో అడిగి భోజనం చేశాను. పండుగప్ప పులుసు, వేడన్నం, మజ్జిగ. డబ్బులిస్తే ఆ ఇంటావిడ కొంచెమే తీసుకుని, మిగతావి నా కొంగులో వేసింది. మధ్యాహ్నం గాలికి గట్టు మీద కూర్చుని ఒంటరిగా నవ్వుకున్నాను. వెనక వాటాలో నందివర్ధనం పక్కన తులసి ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచించుకున్నాను.

తిరిగొచ్చేసరికి పాటు. ఏటిమొగ వైపు నీళ్లు బాగా వెనక్కి తీశాయి. పంటు రేవు దాకా రాలేక బురదకి ఇవతలే ఆగింది. రేవుకీ పంటుకీ మధ్య సన్నటి బల్ల వేశారు. బల్ల తడిసి, బురద పట్టి, నేలా అదీ ఒకే రంగులో ఉన్నాయి. నాకు బల్లెక్కడుందో, బురదెక్కడుందో తెలియలేదు. జనం కదులుతున్నారు. నా ముందు ఎండుచేపల గంపతో ఒక ముసలావిడ, వెనక గొడుగు పట్టుకున్న పెద్దాయన. గంప నెత్తిన పెట్టుకునే ఆవిడ చకచకా దాటేసింది. దాటి వెళ్లిపోలేదు. వెనక్కి తిరిగి నాకు చెయ్యి చాచింది.

నేను అందుకోలేదు. నా వెనక ఎవరో "కానివ్వండి" అన్నారు. రెండు రోజుల గెలుపూ, వెనక వాటా, నాగమణి శనివారం, అన్నీ ఆ బల్ల అవతల ఉన్నాయి. కాలు ముందుకి పెట్టాను, గాలి తగిలింది. మళ్లీ తీసి పెట్టాను, మళ్లీ గాలే.

"నాకు కింద కనపడదమ్మా" అన్నాను. రెండేళ్లలో బయటి మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదలు.

"ఈ బురదలో ఎవరికి కనపడుద్దమ్మా? చెయ్యియ్యి" అంది ముసలావిడ.

ఇచ్చాను. గరుగ్గా, ఉప్పగా, బలంగా ఉంది ఆ చెయ్యి. నాలుగడుగుల్లో అవతల పడ్డాను. బతికిపోయానని నేను ఒడ్డు వైపు నడవబోతుంటే ఆవిడ నా భుజం పట్టి వెనక్కి తిప్పింది. "ఎక్కడికెళ్లిపోతన్నావు? దిగినోళ్లు ఎనకోళ్లకి చెయ్యియ్యాల. అదిగో, పెద్దాయన" అని తన దారిన తను వెళ్లిపోయింది.

ఇది అక్కడి పద్ధతి. పాటు వేళ దిగిన ప్రతి మనిషీ తన వెనకాలవాళ్లని దింపాకే కదలాలి. నా కళ్ల సంగతి విన్న మనిషే నన్ను అక్కడ నిలబెట్టి పోయింది. పెద్దాయన గొడుగు చంకలో ఇరికించుకుని, నా వైపు చూడకుండానే చెయ్యి చాచారు. మనిషి మంచి బరువు. బల్ల మధ్యలో ఒకసారి తూలారు. నా భుజం ఊడొచ్చినంత పనైంది కానీ వదల్లేదు. ఆయన దిగారు. నాకు థాంక్స్ చెప్పలేదు, నేను ముసలావిడకి చెప్పానా? వెనక్కి తిరిగి, తర్వాతి మనిషికి చెయ్యి చాచారు.

నేను ఒడ్డు మీద నిలబడి చివరి మనిషి దాకా చూశాను. సిగ్గు లేకుండా ఏడ్చాను కూడా. రెండేళ్లుగా నన్ను అందరూ దింపడమే గానీ, నేనొకర్ని దింపింది లేదు.

తిరుగు దారి

బస్సెక్కాక లెక్క గుర్తొచ్చింది. చెయ్యి పట్టుకున్నాను, కళ్ల సంగతి చెప్పాను. ఈసారి ఏ తీర్పుకీ అవకాశం లేదు. వేలు కాదు, మూట కాదు. పందెం ఓడిపోయాను. బందరు ఊసెత్తనని అన్నది నేనే, ఎవరూ బలవంతపెట్టలేదు.

విమల బస్టాండుకే వచ్చింది. హైదరాబాదు రైలుకి ఇంకా సమయం ఉంటే ఇద్దరం స్టేషను దాకా నడిచాం. కళ్ల గురించి చెప్పాను. పందెం గురించీ చెప్పాను. "పూల బకెట్ తన్నినప్పుడే అనుకున్నాను" అంది. బ్యాంకాయనకి వాటా ఇచ్చెయ్యమన్నాను. "ఇలాంటి పందేలు కాసేదానివి, నీకు కళ్లుండి ఏం లాభమే?" అని తిట్టి, ముక్కు చీదుకుని, రైల్లో తినమని పులిహోర డబ్బా చేతిలో పెట్టింది. రైలు కదిలేదాకా కిటికీ ఊచ వదల్లేదు.

పొద్దున్నే మా ఆయన కారుతో స్టేషనుకి వచ్చారు. అలవాటుగా నా మోచెయ్యి పట్టుకుని కార్లో కూర్చోబెట్టారు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాక, మా దారిలో అది ఎలాగూ తప్పదు, ఓడిపోయానని చెప్పాను. విమల వేలు, నాగమణి మూట, ఏటిమొగ బల్ల, ఏదీ దాచలేదు. వాటా వదిలేశానని కూడా చెప్పాను. గెలిచినందుకు ఆయన ఏదో ఒకటంటారని ఎదురు చూశాను. ఆయన చాలాసేపు ముందున్న లారీనే చూస్తూ కూర్చున్నారు.

"నేను పట్టుకుంటే ఎందుకు నచ్చదు నీకు?" అన్నారు చివరికి. దెప్పుతున్నట్టు లేదు, తెలుసుకోవాలని అడిగినట్టుంది.

నాకు తోచింది చెప్పాను. "మీరు నేను పడిపోతానని పట్టుకుంటారు. వాళ్లు నేను పక్కనున్నానని పట్టుకున్నారు. నేనూ వాళ్లకి చెయ్యిచ్చాను. మీరెప్పుడూ నన్ను చెయ్యి అడగలేదు."

స్టీరింగ్ మీద ఆయన చేతులు అలాగే ఉన్నాయి. ఆ ఫ్లాట్లలో ఆయనకి పేరుతో తెలిసిన మనిషి వాచ్‌మన్ ఒక్కడే. సాయంత్రం నన్ను ట్రాక్ చుట్టూ తిప్పి తెచ్చాక ఆయన ఎవరితో మాట్లాడతారో నేనెప్పుడూ ఆలోచించలేదు.

"ఆ ఊళ్లో మగవాళ్లు కూడా అలా నడుస్తారా?" అన్నారు.

"నడుస్తారు. స్నేహితులైతే చేతిలో చెయ్యేసుకునే తిరుగుతారు. మీ వయసువాళ్లు కూడా."

లారీ కదిలింది. వెనక నుంచి హారన్లు మోగుతున్నాయి. ఆయన కారు కదపలేదు. జేబులోంచి తన ఫోన్ తీసి నా వైపు చాచారు.

"విమలగారికి చెయ్యి. ఆ బ్యాంకాయనకి ఇంకా మాటిచ్చి ఉండకపోతే, ఇవ్వొద్దని చెప్పు."